హ్యాండిల్ మీద గొడవ

మన పార్కింగ్‌లో ఏ బైక్ చూసినా హ్యాండిల్ మీద ఖాళీ కనిపించదు. ఫోన్ హోల్డర్, యూఎస్‌బీ ఛార్జర్, చిన్న కెమెరా, ఎక్స్‌ట్రా ఎల్ఈడీ లైట్లు, ఇక హెల్మెట్లో బ్లూటూత్ సరేసరి. విడివిడిగా అన్నీ బాగానే పనిచేస్తాయి. అన్నీ కలిపి ఆన్ చేశాక ఒక్కోసారి మ్యాప్‌లో బాణం పక్క సందులోకి దూకుతుంది, పాట మధ్యలో తెగిపోతుంది. వెంటనే యాప్‌నో నెట్‌వర్క్‌నో తిడతాం. ఎత్తైన బిల్డింగుల మధ్య జీపీఎస్ తడబడటం మామూలే, కాదనను. కానీ ఖాళీ రోడ్డు మీద కూడా అలా అవుతుంటే, పక్కపక్కనే బిగించిన వస్తువులు ఒకదాన్నొకటి విననివ్వట్లేదేమో చూడాలి. ఈ మాట కొనేవాళ్లకి అమ్మేవాళ్లు చెప్పి తీరాలన్నది నా వాదన.

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. మన ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆ సిగ్నల్‌లో మిగిలే శక్తి ఎంతంటే, ఒక వాట్‌ని కోటి భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని మళ్లీ వంద కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్క, కాస్త అటూ ఇటూగా. అంత చిన్న గుసగుసని వినాల్సిన ఫోన్‌కి జానెడు దూరంలో కెమెరా ఉంటుంది. దాని ప్రాసెసర్, మెమరీ కార్డు సెకనుకి కోట్లసార్లు ఆన్ ఆఫ్ అవుతుంటాయి. బ్యాటరీ 12 వోల్టులని 5 వోల్టులు చేయడానికి ఛార్జర్ కూడా కరెంట్‌ని సెకనుకి లక్షలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఇవన్నీ ఎంతో కొంత రేడియో చప్పుడు చేస్తాయి. మంచి వస్తువైతే లోపల ఫిల్టర్, చుట్టూ లోహపు రేకు పెట్టి దాన్ని అణుస్తారు. చవక రకంలో ముందు ఎగిరిపోయేవి ఆ రెండే. అవి లేకపోయినా వస్తువు పనిచేస్తుంది, లైట్ వెలుగుతుంది, షాపతను ఆన్ చేసి చూపిస్తాడు. మన భాషలో చెప్పాలంటే, "నా సిస్టంలో రన్ అవుతోంది కదా!"

ఖరీదైనవి కొంటే గొడవే ఉండదా అంటే, అదీ కాదు. యూఎస్‌బీ 3.0 వల్ల వచ్చే చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర వైర్‌లెస్ పరికరాలకి అడ్డం పడుతుందని 2012లో ఇంటెల్ కంపెనీయే ఒక పేపర్లో రాసింది. హాస్టల్లో హార్డ్ డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ నత్తలా నడవడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. బ్లూటూత్ ఉండేది కూడా అక్కడే.

మా నాన్న వాళ్ల చిన్నప్పుడు దూరదర్శన్ చూస్తుంటే, వీధిలో స్కూటర్ వెళ్లినప్పుడల్లా తెర మీద చుక్కలు వచ్చేవట. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ కూడా ఒక చిన్న రేడియో స్టేషనే. మార్కోనీ మొదట్లో సందేశాలు పంపింది అలాంటి రవ్వతోనే. ఇప్పుడు చాలా ప్లగ్గుల్లో ఆ చప్పుడుని తగ్గించే రెసిస్టర్ ఉంటోంది. ప్లగ్ నంబర్లో 'ఆర్' అక్షరం చాలావరకు దాని గుర్తే. అంటే బండి చేసేవాళ్లు తమ వంతు పని చేశారు. వాహనాలకి మన దేశంలో ఏఐఎస్-004 అనే పరీక్ష కూడా ఉంది. కానీ ఆ పరీక్ష అయ్యేది కంపెనీ దగ్గర. తర్వాత మనం బిగించే నాలుగు వస్తువులు అప్పటికి బండి మీద ఉండవు కదా.

"అన్నీ పీకేస్తే పోతుందిగా" అని మా రూమ్మేట్ అన్నాడు. వాడికి పోతుంది. మా పెద్దమ్మ కొడుకు డెలివరీ చేస్తాడు, అతనికి పోదు. ఫోన్ లేకపోతే ఆర్డర్ లేదు. ఛార్జర్ లేకపోతే సాయంత్రానికి ఫోన్ ఉండదు. కెమెరా ఎందుకంటే, ఒకసారి కారు వచ్చి గుద్ది, తప్పంతా అన్న మీదే తోసేసి వెళ్లిపోయింది. అప్పటినుంచి అది లేకుండా బండి తీయడు. కానీ కెమెరా ఆన్‌లో ఉంటే లొకేషన్ తప్పుతోంది, ఆర్డర్లు లేటవుతున్నాయి, రేటింగ్ పడుతోంది. మొన్న సెలవుల్లో ఉపగ్రహాల సిగ్నల్ చూపించే ఫ్రీ యాప్ ఒకటి వేసి, ఇంటి ముందు బండి ఆపి చూశాం. కెమెరా ఆన్ చేయగానే గీతలన్నీ కుంచించుకుపోయాయి, ఆపగానే లేచాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. కెమెరాని ఫోన్‌కి దూరంగా హెడ్‌లైట్ కిందకి మార్చి, దాని వైరుకి ఫెరైట్ క్లిప్ తగిలించాం. కొన్ని ల్యాప్‌టాప్ ఛార్జర్ల వైరు చివర నల్లగా ఉండలా ఉంటుందే, అదే. గీతలు పూర్తిగా లేవలేదు గానీ, బాణం రోడ్డు మీదే నిలిచింది.

చిన్న పనే, కానీ అది అన్నకి తెలియాల్సింది కొన్నప్పుడు. "ఫోన్‌కి ఇంత దూరంలో బిగించండి" అని డబ్బా మీద ఒక్క లైను తెలుగులో వేయడానికి ఏం ఖర్చవుతుంది? బండి మీద బిగించడానికే అమ్మే వస్తువుకి బండి మీదే, పక్కన ఫోన్ పెట్టి పరీక్ష చేయమని రూల్ ఎందుకు ఉండకూడదు?

రూల్ వచ్చేదాకా మనం ఆగక్కర్లేదు. రోజూ రాత్రి 8 గంటలకి మన గేటు బయట డెలివరీ అన్నలు వరసగా నిలబడి ఉంటారు. ఒక్కో బండికి పది నిమిషాలు చాలు. ఏది ఆన్ చేస్తే ఏది చెడుతోందో ఫోన్ యాప్‌తోనే చాలావరకు తెలుస్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే ఈసీఈ ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉంది. దాని తాళం ఎవరి దగ్గరుందో ఈసీఈ వాళ్లు కాస్త కనుక్కుని చెప్పండి, ఫెరైట్ క్లిప్పులు నేను తెస్తా.