మొలను మోయదగిన రివాల్వరు

మదనపల్లె టమాటా మండీ మొదలు కుప్పము గ్రానైటు గనుల వఱకు, నడుమ పుంగనూరును గలుపుకొని, లైసెన్సు గలవారును, దానికై దరఖాస్తు పెట్టినవారును నలుగురు కూడినచోట నీ నడుమ నొక ప్రసంగము వినవచ్చుచున్నది. పొట్టి గొట్టము, పెద్ద చట్రము గల రివాల్వరును నిత్యము చొక్కా మాటున ధరించుట మేలు గదా యని. అమెరికా దేశపు బొమ్మలు చూచి పుట్టిన కోరిక యిది. కోరిక నేరము కాదు గాని, అది మన యెండలకును, మన బట్టలకును, మన చట్టమునకును పొసగునా యనునది విచారింపదగియున్నది.

ఆత్మరక్షణకై ఆయుధము కోరువారిని మేము పరిహసింపము. 2023 జూలైలో టమాటా ధర మిన్నంటిన దినములలో మదనపల్లె ప్రాంతమున నొక రైతు దారిలో హత్యకు గురియయ్యెను. సొమ్ము కొఱకే జరిగియుండునని నాడు పోలీసులు అనుమానించిరని పత్రికలు వ్రాసినవి. ఇపుడు చెల్లింపులు బ్యాంకుల ద్వారమునను, ఫోనుల ద్వారమునను పెక్కు జరుగుచున్నను, రొక్కము చేతులు మాఱుట నిలిచిపోలేదు. తెల్లవాఱుజామున పట్టుగూళ్ల సొమ్ముతోనో, సరకుల పైకముతోనో ఒంటిగా ప్రయాణము చేయువాని భయము పట్టణములో విద్యుద్దీపము క్రింద కూర్చుండి వాదించువారికి తెలియదు.

అయినను రివాల్వరునకు పెద్ద చట్రమెందులకు? పెద్ద తూటాను భరించుటకు. అంతకన్న దానికి వేఱు ప్రయోజనము లేదు. 1935లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు .357 మాగ్నమ్ అను బలమైన తూటాతో రివాల్వరును బయలుదేర్చినపుడు, ఆ తాకిడికి నిలుచుటకై తమకున్న పెద్ద చట్రమును వాడిరి. ఉక్కుతో చేసిన అట్టి ఆయుధము, గొట్టము పొట్టిదైనను, కిలో బరువునకు తగ్గుట యరుదు. బరువు వలన నొక మేలున్నది. పేల్చినపుడు వెనుకకు తన్ను పోటును అది మ్రింగును; చేయి తొణకదు; రెండవ గుండును త్వరగా గుఱి చూడవచ్చును. పెద్ద రివాల్వరు పక్షమున వాదించువారు చెప్పు మాటలలో నిది నిజము. కాని గొట్టమును తెగగోసినచో గుఱికి ఆధారమైన దూరము తగ్గును. మందు కొంత గొట్టము వెలుపల మండి కన్నులు మిఱుమిట్లు గొలుపును. గుండు వేగము తగ్గును. ఏనుగును కొని తొండము తెగగోసినట్లు, మేత మాత్రము తగ్గదు!

ఇక మన చట్టమును చూడుడు. సామాన్య లైసెన్సుదారునకు మన దేశమున దొరకు రివాల్వరులలో విశేష ప్రచారము గలది .32 తూటా పేల్చునది. అది మృదువైన తూటా. దానికై కిలో యినుమును మోయుట, గోరుచుట్టునకు దుడ్డుకఱ్ఱ కొనుట వంటిది. విదేశములనుండి తెప్పించుకొందమన్నను, 1980ల నడుమ నుండి ఆ ద్వారము సామాన్యులకు మూతవడియున్నది. పాత దిగుమతి సరకు చేతులు మాఱుచు గొప్ప ధరలకు పోవుచున్నది. కొన్నవాడు తూటాలకై మరల తిరుగవలెను. స్వదేశపు సరకు మాటకు వచ్చినచో కాన్పూరు కర్మాగారము 2014లో 'నిర్భీక్' అను అర్ధకిలో బరువు గల రివాల్వరును విడుదల చేసెను. నాటి ధర లక్షకు మించియుండుట చేత స్త్రీల రక్షణకై యని చెప్పిన ఆ వస్తువు ధనికుల స్త్రీలకే అందినది. 2023 ఆగస్టులో 'ప్రబల్' వచ్చినది. గొట్టము 76 మిల్లీమీటర్లు, తూటాలు లేని బరువు ఇంచుమించు 675 గ్రాములు, తూటాల చక్రము ప్రక్కకు తెఱచుకొనును. ప్రతిదినము మోయువానికి మేము చెప్పదగినది ఈ కొలత. దీనికి మించినది వలదు.

మోయుట యనునదే ఇచట ముఖ్యము. పెద్ద చట్రపు రివాల్వరులో తూటాల చక్రము నాలుగు సెంటీమీటర్లకు పైగా మందముండును. కోటు తొడుగు శీతలదేశములలో అది దాగును. వేసవిలో పలుచని నూలు లాల్చీ, పంచె కట్టువాని మొలలో అది పనసకాయ దోపినట్లు కనబడును. చెమటకు తుప్పు పట్టును, ఒర క్రింది చర్మము ఒరసిపోవును. పది దినములు ధరించి పదునొకండవ దినమున బీరువాలో పెట్టుదురు. బీరువాలోని రివాల్వరు దారిలో దొంగను ఆపదు. పైగా ఇంట పిల్లలు, పనివారు, తాళపుచెవి పెట్టుచోటెఱిగిన బంధువులు! ఇందఱి నడుమ అది కొత్త ప్రమాదమగును. 2016 నాటి ఆయుధ నిబంధనలు బహిరంగస్థలమున పిస్తోలును ఒరలో నుంచియే కొనిపోవలెనని చెప్పుచున్నవి. పెండ్లి ఊరేగింపులలో పేల్చువారికి 2019 సవరణ చట్టము రెండేండ్ల వఱకు కారాగారమును నిర్ణయించినది. నలుగురికి చూపుటకై కొనదలచినవారు ఈ సంగతి గమనింతురు గాక.

మన మూడు పట్టణముల వారికి విశేషముగా మఱియొక చిక్కు కలదు. కుప్పము మూడు రాష్ట్రములు కలియు మూల. అచటివాడు ఉదయము బయలుదేఱి కోలారు వైపో, కృష్ణగిరి వైపో పోయి సాయంకాలమునకు ఇల్లు చేరును. పుంగనూరువానికి ముళబాగిలు, మదనపల్లెవానికి చింతామణి పొరుగూళ్లు. కాని లైసెన్సుపై అది చెల్లు ప్రాంతము వ్రాయబడియుండును. ఆ పంక్తి చదువక సరిహద్దు దాటినవాడు, ఎంత సాధువైనను, నేరస్థుడగును. ఏ చట్రము కొందమని అడుగుటకు ముందు ఆ పంక్తిని చదువుకొనవలెను. ఎన్నికలు వచ్చినపుడు ఆయుధములను పోలీసు స్టేషనులో అప్పగింప కోరుట యలవాటు. రక్షణ మిక్కిలి కావలసిన ఆ దినములలోనే మొల ఖాళీ! గుంపు వచ్చినపుడు ఆఱు తూటాలు ఏపాటి? 2023 ఆగస్టు 4వ తేదీన అంగళ్లలోను పుంగనూరులోను రాళ్లు రువ్వుకొన్నపుడు పోలీసులే గాయపడిరి, వారి వాహనములే కాలినవి. అట్టిచోట రివాల్వరు తీసినవాడు తన ప్రాణమునకు తానే వెల కట్టుకొనును.

1878లో లిట్టన్ ప్రభుత్వము ఆయుధ చట్టము తెచ్చి, దేశీయులను నిరాయుధులను జేసి దొరలను మినహాయించినపుడు జాతి యభిమానము గాయపడినది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానమున నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చుటకు ఆ గాయమే కారణము. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో ఆ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్పుమని కామత్ గారు ప్రతిపాదింపగా అంబేద్కరు గారు అంగీకరింపలేదు. 1959 చట్టము క్రింద నేడది లైసెన్సు వలన కలుగు అనుమతి మాత్రమే. ఈ నిర్ణయము సబబేయని మా యభిప్రాయము. కాని అనుమతి యిచ్చినవారికి ఒక బాధ్యత యున్నది. శిక్షణ పొందినట్లు పత్రము కోరు ప్రభుత్వము, ఆ పత్రము పుచ్చుకొన్న పిదప ఏండ్ల తరబడి ఒక్క తూటా పేల్పని వానిని పలుకరింపదు. జిల్లాల పోలీసు కాల్పుల మైదానములలో నెలకొక దినము లైసెన్సుదారులకు, తగిన రుసుము పుచ్చుకొని, పర్యవేక్షణతో అభ్యాసమునకు విడువవలెనని కలెక్టరులను, పోలీసు సూపరింటెండెంట్లను మేము కోరుచున్నాము. కిలో బరువు రివాల్వరును ఒక గంట చేతబట్టి, ఒక పూట మొలను మోసిన పిమ్మట, కొనదలచినవారే తమ యెన్నికను మార్చుకొందురు.