పాత కారు, కొత్త యజమాని



గత నెల ఈ శీర్షికలో ఇంటి నీళ్ళ మోటారును ఎలా చూసుకోవాలో వ్రాశాము. ఈ నెల అంతకంటే పెద్ద మోటారు ఒకటి మా ఇంటి ముందుకే వచ్చింది గనుక దాని సంగతి వ్రాయవలసి వచ్చింది.

మా అబ్బాయి ఉద్యోగంలో చేరి ఏడేళ్ళయింది. దాచుకున్న డబ్బు పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నాడు. 2015 మోడల్, టర్బో పెట్రోల్ ఇంజను. కంపెనీ పేరు ఎందుకు గాని, కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయే రకం. చిన్న కారు కొనుక్కోరా అని మేము ఎంత చెప్పినా వినలేదు. "నాన్నా, నడిపితే తెలుస్తుంది" అన్నాడు. నడిపితే నిజంగానే తెలిసింది.

మన దేశంలో 2004లో స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ వచ్చిన నాటి నుండి ఇటువంటి కార్లంటే కుర్రవాళ్ళకు మోజు. కొత్తవి అందరూ కొనలేరు. పదేళ్ళు గడిచేసరికి వాటి ధర మామూలు కారు ధరకు దిగుతుంది. అప్పుడు మనవంటి కుటుంబాల చేతికి వస్తాయి. ఇక్కడే ఒక చిక్కున్నది. బండి ధర తగ్గుతుంది గాని దాని విడిభాగాల ధర తగ్గదు. అమ్మినవారు చివరి రెండేళ్ళు ఖర్చుకు జంకి వాయిదా వేసిన పనులన్నీ కొన్నవారి నెత్తిన పడతాయి.

కొన్న రెండు వారాలకు అందరం అరకు వెళ్ళాము. మేమిద్దరం, అబ్బాయి, కోడలు, పది నెలల మనుమరాలు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతున్నాము. వాడు పై గేరులోనే ఉంచి, బ్రేకు మీదనే కాలు పెట్టి దిగుతున్నాడు. ఒక మలుపు దగ్గర పెడల్ తడిసిన దూది మీద కాలు వేసినట్టు మెత్తగా లోపలికి పోయింది. వాడు గబగబా రెండు మూడుసార్లు తొక్కి, గేరు తగ్గించి, ఎట్లాగో రోడ్డు పక్కకు తెచ్చి నిలిపాడు. ఎవరమూ మాట్లాడలేదు. పాప మాత్రం ఏమీ తెలియక నవ్వుతూనే ఉంది. అరగంట చల్లారనిచ్చాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. అక్కడి నుండి రెండో గేరులో, నెమ్మదిగా క్రిందికి వచ్చాము.

ఇంటికి చేరి బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాము. లోపల ఉన్నది చిక్కటి కాఫీ డికాషన్ రంగులో ఉంది. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో, నీళ్ళవలె తేటగా ఉంటుంది. ఆ రెండు వారాలలో మావాడు బండికి ఏమేమి చేయించాడని అడిగితే, పెద్ద శబ్దం చేసే సైలెన్సరు, కొత్త అల్లాయ్ చక్రాలు అన్నాడు. మేము కోప్పడలేదు. వాడి ముఖం చూస్తే కోప్పడే అవసరం కనిపించలేదు. మాలో ఒకరిది ముప్ఫై ఏళ్ళు రైల్వే షెడ్డులో పానా పట్టిన చెయ్యి. "ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండు" అని మాత్రం చెప్పాము. ఆ తరువాత నాలుగు ఆదివారాలు మేము చేసిన పనులను వరుసగా చెబుతాము. పాత బండి కొన్నవారికి ఉపయోగపడతాయి.

మొట్టమొదట కాగితాలు. ఆర్.సి. మీ పేరుకు మారాలి. దానికి ఫారం 29, ఫారం 30 కావాలి. పాత యజమాని అప్పు తెచ్చి కొని ఉంటే ఫారం 35, బ్యాంకు వారి పత్రం కూడా తీసుకోవాలి. ఇన్సూరెన్సును 14 రోజుల లోపల మీ పేరుకు మార్చమని కంపెనీకి వ్రాయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు. తరువాత బండితో వచ్చిన పుస్తకం. అది లేకపోతే ముందు సంపాదించండి. "అన్నీ మార్పించామండీ" అని అమ్మినవారు చెప్పిన మాటకు బిల్లు లేకపోతే, ఆ పని జరగలేదనే అనుకోవాలి. మేము ఒక నోటు పుస్తకం తెచ్చి, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఏమి మార్చామో వ్రాయడం మొదలుపెట్టాము.

రెండవది మన ప్రాణం. జాకీ అన్నది బండిని ఎత్తడానికే గాని మోయడానికి కాదు. జాకీ ఒక్కటే ఉన్న బండి క్రింద తల గాని చెయ్యి గాని పెట్టవద్దు. గట్టి నేల మీద, సమంగా ఉన్నచోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు పెట్టి, పుస్తకంలో చూపిన చోటనే ఎత్తి, ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి ఊపి చూసి అప్పుడు పని మొదలుపెట్టాలి. ఇటుకలు పెట్టేవారిని చూశాము. ఇటుక చెప్పకుండా పగులుతుంది.

ఇప్పుడు బ్రేకులు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వేడి వరకు మరగదు. తేమ బాగా చేరాక 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఘాట్‌లో బ్రేకు అదేపనిగా తొక్కితే ఆ వేడి సులభంగా వస్తుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు గాని ఆవిరి కుంచించుకుంటుంది. అందుకే మన కాలి బలం చక్రం దాకా చేరక పెడల్ మెత్తబడింది. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవం అవుతుంది, పెడల్ తిరిగి వస్తుంది. చాలామంది అప్పుడు "ఇక ఏమీ లేదు" అనుకొని మరచిపోతారు. అది పొరపాటు. మామూలుగా రెండేళ్ళకొకసారి ఈ ఆయిల్ మార్చాలి.

ఈ పనికి ఇద్దరు కావాలి, ముగ్గురుంటే మరీ మంచిది. మూత మీద వ్రాసిన రకమే, సీలు తీయని డబ్బా కొనండి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో పుస్తకం చెబుతుంది. బ్రేకు కాలిపర్ వెనుక చిన్న రబ్బరు టోపీ క్రింద ఒక నిపుల్ ఉంటుంది. దానికి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో చివరను సీసాలో పెట్టాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి. రెండవవారు నిపుల్ పావు చుట్టు వదులు చేయాలి. పాత ఆయిల్ గొట్టంలోకి వస్తుంది. నిపుల్ బిగించి, "బిగించాను" అని చెప్పిన తరువాతే పెడల్ మీది కాలు తీయాలి. మొదటిసారి మేము తొందరపడి కాలు ముందే తీసేశాము. గాలి లోపలికి పోయింది. ఆ చక్రం మొదటి నుండి చేయవలసి వచ్చింది. అప్పటి నుండి "నొక్కాను", "వదిలాను", "బిగించాను", "తీశాను" అని గట్టిగా చెప్పుకుంటూ చేశాము. పక్కింటివారు ఏమిటా అని గోడ మీదుగా చూశారు.

మరి మూడు జాగ్రత్తలు. పాత బండిలో పెడల్‌ను అడుగు దాకా తొక్కకుండా క్రింద ఒక చెక్క ముక్క పెట్టండి. ఎన్నడూ తిరగని చోటికి పోతే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు చెడవచ్చు. పైన డబ్బా ఎన్నడూ ఖాళీ కాకుండా మూడవవారు పోస్తూ ఉండాలి. ఏ.బి.ఎస్. ఉన్న బండిలో గాలి లోపలి దాకా చేరితే ఇంట్లో తీయడం కష్టం. ఈ ఆయిల్ పెయింటును తినేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్ళు పోసి కడగాలి. అంతా అయ్యాక కదలకముందే పెడల్ గట్టిపడే వరకు తొక్కి, ఖాళీ వీధిలో నడక వేగంతో పరీక్షించండి. పెడల్ మెత్తగానే ఉంటే బండిని రోడ్డెక్కించవద్దు, మెకానిక్‌ను ఇంటికే పిలవండి.

చక్రాలు విప్పినప్పుడే ప్యాడ్లు చూశాము. ముందువి అరిగి మూడు మిల్లీమీటర్లే మిగిలాయి, మార్చేశాము. టైర్లు కూడా చూశాము. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్ళు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదై పగుళ్ళిస్తే ఆ టైరు వేగానికి పనికిరాదు. గాళ్ళ మధ్య ఉండే చిన్న గట్టు దాకా, అంటే 1.6 మిల్లీమీటర్లకు అరిగితే ఇక మార్చవలసిందే. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గరో, పెట్రోలు మూత లోపలో అంటించి ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చక్రాల బోల్టులను ఎదురెదురుగా, టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పినంతే బిగించాలి.

రెండవ ఆదివారం ఇంజన్ ఆయిల్. టర్బో అనేది సైలెన్సరులోకి పోయే వేడి పొగతో తిరిగే చక్రం. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అంత వేగంలో దానిని కాపాడేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. "ఏ ఆయిలైనా ఒకటే" అన్న మాట ఇటువంటి బండికి చెల్లదు. పుస్తకంలో వ్రాసిన రకమే పోయాలి. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు పాతది దించి, ఫిల్టరు మార్చి, బోల్టుకు కొత్త వాషరు వేసి, మొదట చేత్తో తిప్పి తరువాత పానా పట్టాలి. ఎక్కువ పోసినా చేటే. డిప్ స్టిక్ మీద రెండు గీతల మధ్య ఉండాలి. పొద్దున్నే స్టార్టు చేయగానే గట్టిగా తొక్కవద్దు. దూరం వేగంగా వచ్చాక వెంటనే ఆపకుండా చివరి రెండు కిలోమీటర్లు నిదానంగా నడిపితే టర్బో చల్లబడుతుంది. దించిన ఆయిల్‌ను కాలువలో పోయవద్దు. పాత ఆయిల్ సేకరించే షెడ్డుకు డబ్బాలో ఇచ్చి రండి.

కూలెంట్ మూత ఇంజను వేడిగా ఉండగా తీస్తే ముఖం కాలుతుంది. రకాలు కలపవద్దు, కుళాయి నీళ్ళు పోయవద్దు. అది తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా ఉంచండి.

మూడవ ఆదివారం ఇంజను కొట్టుకున్నట్టు నడిచింది, పసుపు దీపం వెలిగింది. స్టీరింగు క్రింద 16 రంధ్రాల సాకెట్ ఉంటుంది. చిన్న స్కానరు పెడితే పి0301 అని చూపింది. మొదటి సిలిండరులో మంట సరిగా లేదని అర్థం. ప్లగ్గా, కాయిలా, మరేదైనానా అని అది చెప్పదు. అబ్బాయి అన్నీ కొత్తవి కొందామన్నాడు. ఆగమని, మొదటి కాయిల్ తీసి రెండో దానికి, రెండోది మొదటి దానికి మార్చి, కోడు చెరిపి నడపమన్నాము. ఈసారి పి0302 వచ్చింది. అంటే తప్పు కాయిల్‌దే, అది దానితోపాటే రెండో సిలిండరుకు వెళ్ళింది. నాలుగు కొనవలసిన చోట ఒక్కటి కొన్నాము.

చేతగాని పని కూడా ఒకటి ఉంది. మా బండిలో టైమింగ్ బెల్టు ఉంది. అది తెగితే ఇటువంటి ఇంజనులో పిస్టన్లు వాల్వులను కొడతాయి. ఇంజను పోయినట్టే. ఎప్పుడు మార్చారో బిల్లు లేదు గనుక దాచిన డబ్బులో నుండి తీసి, ఈ రకం బండ్లు తెలిసిన షెడ్డులో వాటర్ పంపుతో సహా మార్పించాము. ఎంతవరకు మన చెయ్యి, ఎక్కడి నుండి మరొకరి చెయ్యి అని తెలుసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

నాలుగవ ఆదివారం మావాడు తనంతట తానే ఆ శబ్దం చేసే సైలెన్సరు విప్పి పాతది బిగించాడు. అటువంటిది చట్టం కూడా ఒప్పుకోదని మేము ముందే చెప్పాము గాని, వాడు చెప్పిన కారణం అది కాదు. "పాప నిద్రలో ఉలిక్కిపడుతోంది" అన్నాడు.

మొన్న మళ్ళీ అరకు వెళ్ళి వచ్చాము. దిగేటప్పుడు మొదటి మలుపుకు ముందే రెండో గేరు వేశాడు. వేగాన్ని ఇంజనే పట్టి ఉంచింది, బ్రేకు అవసరమైనచోట మాత్రమే, గట్టిగా, కొద్దిసేపు తొక్కాడు. ఘాట్ క్రింద ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశాడు. తరువాత ముందు సీటు అరలోని నోటు పుస్తకం తీసి తేదీ వేసి "పెడల్ గట్టిగా ఉంది" అని వ్రాసుకున్నాడు. మేము ఏమీ అనలేదు, టీ తాగాము.

మీ ఇంట్లో కూడా ఎవరైనా పాత బండి కొని ఉంటే ఈ వారమే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి రంగు చూడండి. నల్లబడితే ఆలస్యం చేయవద్దు. రంగు బాగున్నా, రెండేళ్ళ లోపల మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చేయండి.