నట్టల మందు ఊళ్లోనే ఆగిపోతే ఎట్లా?

దళితవాడ బర్రె పాలు తగ్గితే "మీకు శుభ్రత లేదు" అంటారు. అబద్ధం! మన బర్రెలకు నట్టలు పట్టింది భూమి లేకపోవడం వల్ల. పచ్చిమేత పెంచుకునే చెలక మనకేది? చెరువంచు బురదలోనే మేపుతాం. అక్కడి నత్తల నుంచి వచ్చే జలగ పిల్లలు గడ్డికి అంటుకొని కడుపులోకి పోయి కార్జాన్ని తింటాయి. దవడ కింద నీరు దిగి బర్రె చిక్కిపోతుంది. ఏలికపాములైతే తల్లి పాలతోనే దూడకు పోతాయి. పుట్టిన పది పదిహేను రోజులకే మందు పడకపోతే దూడ దక్కడం కష్టం. దూడ చస్తే బర్రె చేపదు. లోను కిస్తీ కట్టేదెవరు?

సర్కారు నట్టల మందు పోస్తుంది. కానీ మా దిక్కు క్యాంపు పెద్దకులాల కొట్టాల కాడ పెట్టి, సీసా అడుగున మిగిలింది వాడకు పంపుతున్నారు. బరువుకు తగ్గ మోతాదు పడకుంటే నట్టలు చావవు. అట్లా బతికినవాటి సంతతికి రేపు ఆ మందే పనిచేయదు.

అందుకే గట్టిగా అడుగుదాం. వానలకు ముందోసారి, వానలు వెనకబట్టినంక ఓసారి క్యాంపు మన వాడలోనే పెట్టాలి. పేడ పరీక్ష చేసి, జలగకు జలగ మందే ఇవ్వాలి. చూడి బర్రెకు డాక్టరే వచ్చి చూడాలి. మన పాలు కేంద్రానికి కావాలి, మన బర్రెకు మందు వద్దా?