చిగురు లెక్కలో చలికీ చోటుండాలి

వసంతం వెచ్చనైన కొద్దీ ఆకురాల్చు వృక్షాలు ముందుగా చిగురిస్తాయన్నది అర్ధసత్యమే. శీతాకాలపు చలి తగినంత సోకనిదే మొగ్గల సుప్తావస్థ పూర్తిగా తొలగదు. ఐరోపాలోని ఏడు వృక్షజాతులపై 2015లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే 1980–94 మధ్య చిగురు సగటున 4 రోజులు ముందుగా రాగా, 1999–2013 మధ్య 2.3 రోజులే ముందుగా వచ్చింది. చలి తగ్గడమే ఇందుకు ఒక కారణమని పరిశోధకులు భావించారు. కావున వసంతపు వేడిని మాత్రమే లెక్కించే అంచనాలు చాలవు. ఇది అడవులకే పరిమితం కాదు. హిమాచల్ ప్రదేశ్‌లోని ఆపిల్ చెట్లకు చలి చాలకపోతే చిగురు, పూత ఆలస్యంగా, అసమంగా వస్తాయి. అందువల్ల రకాలను సిఫారసు చేసేముందు ఆ ప్రాంతంలో లభించే చలి గంటలను విస్తరణ శాస్త్రవేత్తలు విధిగా పరిశీలించాలి. నాటిన చెట్టు దశాబ్దాలు నిలుస్తుంది. తప్పు సిఫారసు భారాన్ని అన్నేళ్ళూ రైతే మోయవలసి ఉంటుంది.