అమ్మోనియా లేని చోట ఆ దూరం దేనికి?

ఖతర్ వెళ్లొచ్చినవాళ్లు ముందుగా చెప్పేది అక్కడి రోడ్ల గురించే. అద్దంలాంటి దారులు, గుంట కనబడదు. ఆ వెంటే ఓ తీర్పూ వస్తుంది: అలాంటి రోడ్లు పడితే మన పట్టణాలు వాటంతటవే బాగుపడతాయని. నాయకులకూ, రియల్ ఎస్టేట్ వాళ్లకూ ఈ మాట భలే నచ్చింది. అక్కడి పారిశ్రామిక పట్టణం మెసయీద్‌ను కాస్త దగ్గరగా చూస్తే ఇది నిలబడే మాట కాదు.

దోహాకు దక్షిణంగా సుమారు 40 కి.మీ. దూరంలో ఉన్న ఈ ఊరి పాత పేరు ఉమ్ సయీద్. 1949లో చమురు రేవుగా మొదలైంది. దుఖాన్ చమురు గొట్టాల గుండా వచ్చి ఇక్కడ ఓడ ఎక్కేది. 1970లలో ఎరువులు, ఉక్కు కర్మాగారాలు వచ్చాయి. తర్వాత పెట్రోకెమికల్స్, 2009 చివర్లో అల్యూమినియం. తీరం వెంట ఫ్యాక్టరీలు, లోపలివైపు ఇళ్లు, మధ్యలో పచ్చని పట్టీ. ఉత్తరాన రాస్ లఫాన్ దాకా దాదాపు 200 కి.మీ. రహదారి. లారీలకు అందులో ప్రత్యేక వరసలు. చూసినవాడు మెచ్చుకోకుండా ఉండలేడు.

కానీ రోడ్డు వెడల్పు వేరు, వీధులు కలవడం వేరు.

దోహా మెట్రో 2019లో అల్ వక్రా దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి మెసయీద్‌కు బస్సో, కారో, కంపెనీ బండో ఉండాలి. కారున్న ఇంజినీరుకు ఈ దూరం లెక్కలోకి రాదు. పొగడ్త ఎక్కువగా వినబడేదీ ఆ సీటులోంచే.

వీధులు ఎంతగా కలుస్తున్నాయో తేల్చడానికి బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు 2020లో ప్రపంచవ్యాప్తంగా వీధుల పటాలు పరిశీలించారు. ఏ కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయి, ఎన్ని వీధులు గోడకు కొట్టుకుని ఆగిపోతున్నాయి, పక్కవీధికి ఎంత చుట్టు తిరగాలి అన్నవే వాళ్ల కొలతలు. చాలా దేశాల్లో కొత్తగా పడుతున్న వీధులు ఒకదానికొకటి అంటకుండా పోతున్నాయని తేలింది. అమెరికాలో మాత్రం ఈ ధోరణి 1990లలో పతాకస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పట్టింది. అమెరికా వదిలించుకుంటున్నదాన్ని మనం ఆధునికత అని కొనుక్కుంటున్నాం. ఇంకో చిక్కుంది. ఇల్లు కూల్చి కట్టొచ్చు. ఒకసారి గీసిన వీధి తరాలపాటు అక్కడే ఉంటుంది.

మెసయీద్‌ను తప్పుపట్టడం కాదిది. అమ్మోనియా, ఇథిలీన్ తయారయ్యే చోట ఇళ్లను దూరంగా పెట్టడం వివేకం. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది చనిపోయాక ఆ సంగతి తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడి దూరానికి కారణం ఉంది. మరి హైదరాబాద్ కోకాపేటలో ఏముంది? కంప్యూటర్ల ముందు కూర్చునే ఆఫీసులకూ అపార్ట్‌మెంట్లకూ మధ్య అంతంత ప్రహరీలు, ఒక్కో కాలనీకి ఒకే గేటు! గోడ అవతలి దుకాణానికి కూడా మెయిన్‌రోడ్డు ఎక్కి తిరిగి రావాల్సిందే. అన్ని గేట్ల బండ్లూ ఆ ఒక్క రోడ్డు మీదే పడ్డాక ట్రాఫిక్ అంటాం, ఫ్లైఓవర్ కావాలంటాం. 158 కి.మీ. అవుటర్ రింగ్ రోడ్డు ఉన్నా ఈ చుట్టు తగ్గదు. అది ఊరు చుట్టూ తిప్పుతుంది, గోడ దాటించదు.

నిబంధనల్లేవా అంటే ఉన్నాయి. లోపలి స్థలాలకు వెళ్లేందుకు గేటెడ్ సముదాయాలు తమ అంచున దారి వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. కొత్త ఫ్లైఓవర్‌కు అంచనాలు వేసేముందు, కాగితం మీద వదిలిన ఆ దారులు నేల మీద తెరిచి ఉన్నాయో లేదో అధికారులు ఓసారి నడిచి చూడాలి.