ఉద్యోగం పురుషలక్షణమా?

"ఉద్యోగం పురుషలక్షణం" అన్న మాట వినని తెలుగువాడు ఉండడు. పెళ్లిచూపుల్లో వినిపిస్తుంది. డిగ్రీ పట్టా చేత పట్టుకుని ఇంటిపట్టున ఉన్న కుర్రవాడి ఎదుట వినిపిస్తుంది. పదవీ విరమణ చేసి వాకిట్లో వాలుకుర్చీ వేసుకున్న పెద్దాయన చెవిన కూడా పడుతూనే ఉంటుంది. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం తెరిచి నెలజీతాల ప్రస్తావన కోసం ఎవరూ వెతకరు. మన వాడుకలో మాత్రం ఆ మాట కుంచించుకుపోయి నౌకరీ అయి కూర్చుంది. దానితోపాటు పురుషుడూ కుంచించుకుపోయాడు. జీతం ఎంతో అతడూ అంతే. జీతం ఆగిన నాడు అతడూ ఆగిపోయినట్టే లెక్క.

క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఆ విశ్వాసంలోనే నడివయసుకు వచ్చిన మగవాడిగా ఈ సామెతతో నాకు పేచీ ఉంది. లోకం దీన్ని నమ్మినందుకు నాకు ఆశ్చర్యం లేదు. మా సంఘాలు కూడా నమ్మడమే నా బాధ.

మా ఆరాధనలలో సాక్ష్యాల సమయమని ఒకటుంటుంది. దేవుడు తన జీవితంలో చేసిన మేలును ఒక్కొక్కరే లేచి చెబుతారు. ఎన్నో ఏళ్లుగా వింటున్నాను. వీసా వచ్చింది, ఇంజనీరింగు సీటు వచ్చింది, ప్రమోషను వచ్చింది, ఫ్లాటు రిజిస్ట్రేషనయింది. కృతజ్ఞత చెప్పుకోవడంలో తప్పు లేదు, నేనూ చెప్పుకున్నాను. అయితే వీసా రానివాడు లేచి నిలబడి, "రాలేదు, అయినా ఆయన నాతోనే ఉన్నాడు" అని చెప్పగా నేను విన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ మాట చెప్పేవాళ్లు లేక కాదు, దాన్ని సాక్ష్యంగా ఎంచే చెవులు లేక.

2009 మాంద్యంలో మా సంఘంలో ఒకాయన ఉద్యోగం పోయింది. నాకు అన్నలాంటివాడు. ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేసేవాడు. ఉద్యోగం పోయిన నెలలోనే రావడం మానేశాడు. నేను ఇంటికి వెళ్లి అడిగితే, "ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు తమ్ముడూ, ప్రార్థనలో ఏదో లోపముందన్నట్టు చూస్తున్నారు" అన్నాడు. వడ్రంగి పని చేసినవాడిని, తల వాల్చుకోను చోటు లేదని చెప్పుకున్నవాడిని, నేరస్థుల మధ్య కొయ్యకు వేలాడినవాడిని ప్రభువని కొలిచే చోటికి, నౌకరీ పోయినవాడు మొహం చాటేయవలసి వచ్చిందంటే, అక్కడ కొలువై ఉన్నది క్రీస్తు కాదు. ఆయన పేరు పెట్టుకున్న ఉద్యోగ కల్పనా కేంద్రం.

"నీవు నమ్ము, నీ జీతం రెట్టింపవుతుంది" అని బోధించేవారు తాము క్రీస్తు మీద ఆధారపడమంటున్నామని అనుకుంటారు. కాదు. వారు జీతం మీద ఆధారపడమంటున్నారు. క్రీస్తును అందుకు నిచ్చెనగా వాడుకోమంటున్నారు. నిచ్చెనతో ఎవరికైనా ఎంతసేపు పని? పైకెక్కాక తన్నేస్తారు, ఎక్కలేకపోతే తిట్టిపోస్తారు.

మరి ఆధారపడటమంటే ఏమిటి? పౌలును చూడండి. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట ఉండి డేరాలు కుట్టుకుంటూ బోధించాడు. పని చేయనొల్లనివాడికి తిండి పెట్టవద్దని థెస్సలొనీకయులకు నిష్కర్షగా రాసినవాడూ ఆయనే. కాబట్టి ఆధారపడటం సోమరితనమనేవారికి సమాధానం అక్కడే ఉంది. అదే పౌలుకు శరీరంలో ఒక ముల్లు ఉండేది. తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. కృప చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. సాక్ష్యాల సమయంలో ఈ సంగతిని మావాళ్లు ఎక్కడ ఇముడుస్తారో నాకు అర్థం కాదు. పని చేశాడు, కానీ పనిలో తనను తాను వెతుక్కోలేదు. అడిగాడు, కానీ అడిగినది దక్కకపోతే విడిచిపోలేదు. నేను ఆధారపడటమని అంటున్నది దీనినే.

ఇక బయటినుంచి వచ్చే ఆక్షేపణ. చదువరులలో చాలామందికి ఈపాటికే అది నాలుక చివర ఉండి ఉంటుంది. "దేవుడి మీద ఆధారపడటం చేతగానివాడి పని. మగవాడన్నవాడు తన కాళ్ల మీద తాను నిలబడాలి." వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ చెప్పేదీ ఇదే. దీనికి తర్కంతో కాక చరిత్రతో జవాబు చెబుతాను. అది ఎక్కడిదో కాదు, మన ఒంగోలు సీమది.

1876-78 మధ్య దక్షిణ భారతాన్ని పెను కరవు కాల్చింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించాడు. కూలివాళ్లలో ఎంతోమంది మాదిగలు బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటికోసం కలిశారన్న మాట రాకూడదని, కరవు సాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలే ఆపివేశాడు. వానలు పడ్డాయి, పనులు ముగిశాయి, ఇక ఇచ్చేందుకు గింజ లేదు. అప్పుడు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చిన చేతులు దొరవి కావు, తెలుగు బోధకులవి. వారికి దారి చూపినవాడు కూడా దొర కంటే ముందు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. 1866లో విశ్వసించి, తోలు వ్యాపారం మీద తిరిగిన ఊళ్లన్నిటా తన వారికి ఆ వార్త చెప్పినవాడు.

కూడు పెట్టిన చేతి మీద వారికి కృతజ్ఞత లేదని నేననను. అయితే తరువాత జరిగినది చూడాలి. చచ్చిన గొడ్డు మాంసం తినబోమన్నారు. ఆదివారం వెట్టికి రామన్నారు. జాతరలో డప్పు కొట్టబోమన్నారు. ఊరి పెద్దలు పనులు బందు పెట్టారు, బావుల దగ్గర అడ్డుకున్నారు, కొట్టారు. అయినా వారు తలవంచలేదు. చెప్పులు కుట్టడం, చచ్చిన గొడ్డును మోయడం, పిలిస్తే పరుగెత్తడం; పుట్టుకతోనే వారి బతుకు ప్రయోజనాన్ని ఊరు నిర్ణయించి పెట్టింది. తన కాళ్ల మీద తాను నిలబడమని వారికెవరూ ప్రబోధించలేదు. నిలబడేందుకు వారికి అడుగు నేల లేదు. ఒక్కడి మీద ఆధారపడ్డారు కనుక కరణం, మునసబు, షావుకారు మీద ఆధారపడటాన్ని వదులుకునే ధైర్యం వచ్చింది.

అసలు ఆధారపడనివాడు ఎవడు? జీతగాడు యజమాని మీద, యజమాని బ్యాంకు మీద, నాయకుడు ఓటు మీద ఆధారపడతాడు. స్వయంకృషితో పైకొచ్చానని మీసం మెలేసేవాడు నలుగురి మెచ్చుకోలు మీద ఆధారపడతాడు. అది లేని రోజున అతడికి నిద్ర రాదు. ఆధారపడాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఎవరి మీద అన్నదే ప్రశ్న.

ఆ ఆధారం మనిషిని పరాయివాడికి బానిస చేస్తుందనేవారికి వేదనాయగం శామ్యూల్ అజరయ్య సంగతి చెప్పాలి. తిరునెల్వేలి తమిళుడు. 1903లో భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతనే నడిచే మిషనరీ సంఘాన్ని నెలకొల్పినవారిలో ఒకడు. తెలుగునాట దోర్నకల్లు ప్రాంతానికి వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పాడు: మీ త్యాగాలు చూశాం, ఇక మాతో సమానులుగా స్నేహం చేయడం నేర్చుకోండి అన్న అర్థం వచ్చేలా. క్రీస్తు మీద ఆనుకున్నవాడు దొర మీద ఆనుకోనక్కరలేదని అంతకంటే స్పష్టంగా ఎవరు చూపగలరు?

ఈ ఆధారానికి వెల కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను బీసీ-సీ కింద 1 శాతంలో ఉంచారు. కులం అతడిని వదలలేదు, హోదా వదిలింది. ఇది అన్యాయమని నా నమ్మకం, న్యాయం కోసం అడగవలసిందే. కానీ లాభం కోసమే మతం మారతారని తేలిగ్గా తీర్పు చెప్పేవారు, ఈ నష్టాన్ని ఏ ఖాతాలో రాస్తారో చెప్పాలి.

చివరగా మా మగవాళ్లతో ఒక మాట. ఎఫెసీ పత్రికలో భార్యలు లోబడాలన్న భాగం మనకు కంఠస్థం. దాని పైమాట, ఒకరికొకరు లోబడమన్నది, గుర్తుండదు. దాని కిందిమాట, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త భార్యను ప్రేమించాలన్నది, అసలే గుర్తుండదు. ఆఫీసులో అణగి వచ్చి ఇంట్లో అధికారం చలాయించేవాడు శిరస్సు కాదు. పగలు పోగొట్టుకున్న పెత్తనాన్ని రాత్రి రాబట్టుకునే పేదవాడు. తానే ఒకరి దయ మీద నిలిచి ఉన్నానని ఎరిగినవాడికి మరొకరి మీద కాలు మోపే అవసరం ఉండదు.

నన్నడిగితే క్రైస్తవ పురుషుడి ప్రయోజనం ఇంతే: తీగను అంటిపెట్టుకున్న కొమ్మలా ఉండి, పండిన పండును పక్కవాడికి ఇవ్వడం. కొమ్మ తన పండు తాను తినదు, తన కాపును చూసి మురిసిపోదు, కాపు రాని ఏడు తీగను విడిచిపోదు. జీతం వచ్చిన నెలా రాని నెలా అతడు చేయవలసిన పని ఒకటే. పొరుగువాడు ఆకలితో ఉంటే చూడాలి, అబద్ధానికి తల ఊపకూడదు, ఇంటివాళ్లకు అండగా ఉండాలి, రేపటి గురించి వణకకూడదు. ఇదీ ఉద్యోగమే, పాత అర్థంలో. దీనినుంచి ఎవరూ ఎవరినీ తీసివేయలేరు.

కాబట్టి సంఘ పెద్దలకు నా విన్నపం చిన్నది. వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో ఏదో ఒకటి దొరికినవారిని కాసేపు కూర్చోబెట్టండి. పోగొట్టుకున్నవారిని పిలవండి. వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఎవరూ జాలి చూపకండి, సలహా ఇవ్వకండి. వినండి, చాలు.