లోనా? రొక్కమా?

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు, పెళ్ళి చేసి చూడమన్నారు. ఇల్లు కొని చూడమని మాత్రం అన్నట్టు లేదు. ఆ రోజుల్లో కట్టుకున్న ఇంటిని అమ్ముకునేవాడు అరుదు గనుక కాబోలు. నేను ఎనిమిది మాసాలుగా మా గోరంట్లలో ఇల్లు కొని చూస్తున్నాను. కొనడం ఇంకా కాలేదు గాని, చూడడం మాత్రం దివ్యంగా సాగుతోంది.

ముందు మేమున్న ఇంటి సంగతి చెప్పాలి. మాది భోగ్యం ఇల్లు. కోస్తా పాఠకులకు ఈ మాట కొత్తగా వుండవచ్చు. మా హిందూపురం వైపునా, ఆవల బెంగుళూరులోనూ ఇది వాడుకలో వున్నదే. ఇంటివారి చేతిలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పెడతాము, నెలనెలా అద్దె వుండదు. గడువు తీరాక మన సొమ్ము మనకిచ్చి, వారి ఇల్లు వారు తీసుకుంటారు. వడ్డీ వారికి, నీడ మనకు. మేము పెట్టింది నాలుగు లక్షలు. గడువు తీరింది, ఇంటివారి అబ్బాయికి పెళ్ళి కుదిరింది, వచ్చే ఉగాదిలోగా ఖాళీ చేయమన్నారు. మర్యాదగానే అన్నారు. మా అమ్మకు డెబ్భై ఆరేళ్ళు. ఆమె వంటింటి డబ్బాలు సర్దడం ఇది ఏడోసారి. "ఈసారి దించిన సామాను మళ్ళా ఎత్తేది లేదు నాయనా, నన్నే ఎత్తాల" అంది. ఆ మాటతో నేను వీధిన పడ్డాను.

గోరంట్ల అంటే చిత్రావతి ఒడ్డున మాధవరాయస్వామి గుడి వున్న పాతవూరు. విజయనగర కాలపు కట్టడం. మండపంలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. పదిహేనేళ్ళ కిందట ఇక్కడ ఇల్లమ్మితే కొనేవాడి కోసం వెతకవలసి వచ్చేది. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కారు ఫ్యాక్టరీకి ఒప్పందం జరిగింది, 2019లో కార్లు బయటకు వచ్చాయి. మా మండలంలోనే పాలసముద్రం వద్ద కస్టమ్స్ అధికారుల శిక్షణాలయం వచ్చింది; 2024 జనవరిలో ప్రధానమంత్రే వచ్చి ప్రారంభించారు. వూరు బాగుపడితే సంతోషమే. కాని స్థలాల ధరలు వూరికంటే ముందే బాగుపడ్డాయి.

నేను పట్టుకున్న బ్రోకరు మంచివాడే. ఒకప్పుడు కొనేవాణ్ణి "ఏం చేస్తారు, ఎవరి తాలూకు" అని అడిగేవారు. ఇతగాడు అవేవీ అడగలేదు. "లోనా సార్, క్యాషా?" అన్నాడు. లోను అన్నాను. అతని మొహంలో, ఫీజు కట్టని విద్యార్థిని చూసిన గుమాస్తా మొహంలో కనిపించేదే కనిపించింది.

మొదటి ఇల్లు గుడి దగ్గరి వీధిలో. రాతిగోడలు, చెక్క దూలాలు, నడిమింట్లో వెలుతురు పడే గవాక్షం. మా అమ్మ అరుగు మీద కూర్చుని "ఇదే" అంది. ఇంటాయన వృద్ధుడు, నన్ను "అయ్యోరా" అని పిలిచేవాడు. ధర కుదిరింది. బ్యాంకువారు లింకు దస్తావేజులు అడిగారు, ముప్పై ఏళ్ళ ఈసీ అడిగారు, మంజూరైన ప్లాను అడిగారు. ఆయన దగ్గర వున్నవి ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు. ఇల్లు గ్రామకంఠంలో వుంది మరి. తెలుగు మేష్టారిని గనుక చెబుతున్నాను, గ్రామకంఠమంటే జనం కాపురముండే వూరి నడిబొడ్డు. ఆ కంఠం బ్యాంకువారి గొంతు దిగదు. తాతతండ్రుల నాటి నుంచి చేతులు మారిందే గాని రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కలేదు. ఇలాంటి ఇళ్ళను డ్రోన్లతో కొలిచి యజమానులకు కార్డులివ్వాలని కేంద్రం 2020లో స్వామిత్వ పథకం తెచ్చింది. ఆ కార్డు మా పెద్దాయన చేతికింకా రాలేదు.

"కాగితం ల్యాకపోతే ఇల్లు ఇల్లు కాకుండా పోతుందా అయ్యోరా? నేను పుట్టిందీ ఈడ్నే, మా నాయన పోయిందీ ఈడ్నే" అన్నాడాయన. జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ తిరస్కరించింది ఆయన కాదు, బ్యాంకు. అయినా తప్పుచేసినవాడిలా తల దించుకున్నది ఆయనే.

రెండో ఇల్లు కొత్తది, లేఅవుటులోది, కాగితాలన్నీ ముత్యాల్లా వున్నాయి. ధర 32 లక్షలు. అంతా అయ్యాక ఇంటి యజమాని చల్లగా అన్నాడు: "దస్తావేజులో పద్ధెనిమిదే రాసుకుందాం సార్. తక్కింది చేతికివ్వండి."

పద్ధెనిమిది లక్షలు గవర్నమెంటు వేసిన విలువ. మన రాష్ట్రంలో స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు అన్నీ కలిపి నూటికి ఏడున్నర. 32 మీద 2 లక్షల 40 వేలు, 18 మీద 1 లక్షా 35 వేలు. అంటే నాకూ లక్షకు పైగా మిగులుతుంది. అబద్ధమెందుకు, ఒక్క రాత్రి నోరూరింది. తెల్లారి కాగితం మీద లెక్క వేసుకున్నాను. బ్యాంకు ఇచ్చేది దస్తావేజు ధరను చూసి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ముప్పై లక్షల లోపు అప్పయితే ఇంటి విలువలో నూటికి తొంభై దాకా ఇవ్వవచ్చు, స్టాంపు ఖర్చులు ఆ విలువలో చేరవు. పద్ధెనిమిది రాస్తే మించి మించి 16 లక్షల 20 వేలు. నాకు కావలసింది ఇరవై. మా భోగ్యం సొమ్ము, పొదుపు, మా ఆవిడ నగలు అన్నీ కలిపినా లోటు పూడదు. నా నీతి ఎంత గట్టిదో తేలకుండా లెక్కే నన్ను కాపాడింది.

పైగా 2015 జూను ఒకటి నుంచి స్థిరాస్తి అమ్మకానికి ఇరవై వేలు, అంతకు మించీ రొక్కంగా పుచ్చుకోరాదు. పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా. ఈ సంగతి యజమానికి చెప్పాను. నవ్వాడు. అమ్మితే వచ్చే లాభం మీద పన్నుకే ఆయన భయం. ఆ డబ్బుతో ఇంకో ఇల్లు కొనుక్కుంటే ఆ పన్నుకు మినహాయింపు వుందన్నాను. "మళ్ళా ఇల్లు కొనేదుంటే ఇది అమ్మేదేంటికి సార్?" అన్నాడు. తర్కంలో ఆయనదే పైచేయి.

అయితే పూర్తిగా ఆయన్ని తప్పు పట్టలేను. అంతకుముందొకరు లోను మీద కొంటామని కొంచెం అడ్వాన్సిచ్చి మూడు నెలలు తిప్పారట. చివరికి బ్యాంకు లాయరు ఏదో సంతకం లేదన్నాడు, బేరం పోయింది. ఈలోగా కూతురి పెళ్ళి ముహూర్తం నెత్తి మీదికి వచ్చి ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఒకసారి అలా కాలినవాడు లోను అనగానే చెయ్యి వెనక్కు తీసుకుంటాడు.

అన్నిటికంటె చిత్రం మూడోది. ఆ యజమాని లోను ఒప్పుకుంటానన్నాడు. సంతోషించబోయాను. "అయితే గవర్నమెంటు బ్యాంకు వద్దు, ఫైనాన్సు కంపెనీదైతే సరే. వాళ్ళు ఇన్ని ప్రశ్నలడగరు, వారంలో చెక్కిస్తారు" అన్నాడు. వారమేమిటి, ఆ కంపెనీ కుర్రవాడు మర్నాడే మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళాడు. వడ్డీ నూటికి 12. బ్యాంకులో నాకు చెప్పింది ఎనిమిదిన్నర. ఇరవై లక్షలకు పదిహేనేళ్ళ గడువైతే బ్యాంకు వాయిదా నెలకు 19,695 రూపాయలు, కంపెనీది 24,003. మొత్తం మీద తేడా 7 లక్షల 75 వేలు. యజమాని తొందరకు నేను కట్టే సుంకమన్నమాట. మా ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పప్పు డబ్బా కింద పెట్టింది. నేను మళ్ళీ తీయలేదు.

ఈ గొడవ మనవూరిదేననుకున్నాను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో వున్న మా అక్కయ్య కొడుకు ఫోనులో విని "మామయ్యా, ఇక్కడా అంతే" అన్నాడు. అక్కడ 1934లో ఏర్పడిన ఎఫ్.హెచ్.ఏ. అనే సర్కారు సంస్థ హామీతో అప్పులిస్తారు. ధరలో నూటికి మూడున్నర చేతిలో వుంటే చాలు. 1944 చట్టం వల్ల సైన్యంలో పనిచేసినవారికి చేతిడబ్బు లేకుండానే అప్పు పుట్టే ఏర్పాటూ వుంది. ఇంత హామీ వున్నా, ఆ రకం అప్పు పేరు చెబితే పక్కన పెట్టే అమ్మకందార్లు వున్నారట. అక్కడ నల్లడబ్బు పేచీ కాదు. ఆ అప్పులకు ఇల్లు చూడ్డానికి వచ్చే మనిషి పెచ్చులూడిన రంగు మొదలు మెట్ల కమ్మీ దాకా బాగుచేయమంటాడని భయం. మావాడి మాట మూడు ఇళ్ళవాళ్ళు కాదన్నారు. ఒకచోట అతనికంటె తక్కువిచ్చినవాడికే, రొక్కం కాబట్టి, అమ్మేశారు. యుద్ధానికి పోయి వచ్చినవాడికే చుక్కెదురైన చోట వీడెంత?

మా రెండో ఇంటి కథ అక్కడితో ముగియలేదు. బెంగుళూరాయన ఒకరు కారులో వచ్చి, అరగంట చూసి, పూర్తి రొక్కం మీద కొన్నారు. కాపురం వుండడానికి కాదు, ధర పెరుగుతుందని. నాలుగు నెలలుగా దానికి తాళం. సాయంత్రం కాలేజీ నుంచి ఆ దారినే వస్తాను. కానుగచెట్టు ఆకులు వాకిట్లో మోకాలెత్తు పేరుకున్నాయి. మా అమ్మ వుంటే వూడ్చేది.

నిన్న బ్రోకరు ఎదురుపడ్డాడు. మొహం వికసించి వుంది.

"సార్, మీ ఇల్లు మీకు దొరికింది. ఆ బెంగుళూరాయన భోగ్యానికిస్తాడంట, మూడేండ్లకు. ఆరు లక్షలు."

చెక్కిస్తానన్నాను.

"చెక్కంటే కష్టం సార్," అన్నాడు, "ఆయన క్యాషే అడుగుతాండాడు."